గుర్తులేని చోట ఏం గీయాలి? హోలోకాస్ట్ నుంచి బయటపడిన పిల్లల జ్ఞాపకాలూ చిత్రకథలూ

ప్రశ్న – గీతకారిణి

నేను చిత్రకథలు గీయడం నేర్చుకుంటున్నాను. హోలోకాస్ట్ కాలంలో, అంటే రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు యూదులను సామూహికంగా చంపిన రోజుల్లో, పసివాళ్ళుగా ఉండి, ప్రాణాలతో బయటపడినవారి జ్ఞాపకాల మీద వచ్చిన బొమ్మల పుస్తకాలను కొన్ని నెలలుగా వరసగా చదువుతున్నాను. చదివినకొద్దీ ఒక సందేహం పెరుగుతోంది. ఈ చర్చావేదికలో చరిత్ర తెలిసినవారూ బొమ్మలు తెలిసినవారూ ఇద్దరూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

నాలుగైదేళ్ళ వయసులో చూసినదాన్ని డెబ్భై, ఎనభై ఏళ్ళ తరవాత చెబుతున్నప్పుడు ఆ మాటల్లో ఎన్నో ఖాళీలుంటాయి. "ఎవరో తలుపు కొట్టారు, అమ్మ నా చెయ్యి పట్టుకుంది" అన్న రెండు ముక్కలు రాసేవారికి సరిపోతాయి, చదివేవారికీ సరిపోతాయి. గీసేవారికి మాత్రం సరిపోవు. తలుపు ఎటు తెరుచుకుంది, అమ్మ ఒంటి మీద ఏ కోటుంది, గదిలో దీపం ఎక్కడుంది, కొట్టినవాడు పోలీసా సైనికుడా అన్నవి తేల్చుకోకుండా ఒక్క గడి, అంటే చిత్రకథ పేజీలో ఒక్క బొమ్మ చట్రం, కూడా పూర్తి కాదు. రచయిత నోరు మెదపకుండా దాటిపోగలిగిన చోట చిత్రకారుడు ఏదో ఒకటి కల్పించక తప్పదా? అలా కల్పించినదాన్ని సాక్ష్యం అని పిలవవచ్చా?

అభ్యాసం కోసం ఒక రికార్డింగు విని నాలుగు పేజీలు గీయడానికి కూర్చున్నాను. 1942 వేసవిలో నెదర్లాండ్స్‌లో అయిదేళ్ళ పిల్ల జ్ఞాపకం అది. మొదటి పేజీలోనే ఆగిపోయాను. తల్లి ముఖం తనకు గుర్తులేదని ఆవిడే చెబుతున్నారు. నేను మాత్రం ఆ ముఖానికి కళ్ళు, ముక్కు, జుట్టు పెట్టి కూర్చున్నాను. అసలు హోలోకాస్టే జరగలేదని వాదించేవాళ్ళు ఇంకా ఉన్న లోకంలో, యూనిఫాం మీద ఒక బొత్తాం తప్పుగా గీసినా వాళ్ళ చేతికి మనమే కర్ర అందించినట్టు అవుతుందన్న భయం కూడా ఉంది.

సమాధానం – అనువాదకుడు

మీరు ఆగిపోయిన చోటే ఈ రంగంలో పనిచేసినవాళ్ళు చాలామంది ఆగారు. పిల్లల సంగతికి రాకముందు పెద్దవాళ్ళ సంగతి ఒకటి చెబుతాను. ఆర్ట్ స్పీగెల్‌మన్ తన తండ్రి అనుభవాలను గీసిన "మౌస్" అనే చిత్రకథ రెండో భాగంలో, ఖైదీలు పనికి నడిచి వెళుతుంటే ఆష్‌విట్జ్ నాజీ శిబిరం ద్వారం దగ్గర వాద్యబృందం వాయిస్తూ ఉన్న గడి ఒకటుంది. అటువంటి బృందం ఉండేదని పత్రాల్లో స్పష్టంగా ఉంది. అయితే, నడిచిన మనిషి, అంటే చిత్రకారుడి తండ్రి, తనకు నడవడమే తప్ప వాద్యాలేవీ గుర్తులేవంటాడు. అప్పుడు చిత్రకారుడు తరవాతి గడిలో నడిచేవాళ్ళ వరసను ముందుకు జరిపి, బృందాన్ని వాళ్ళ వెనకకు నెట్టాడు. తలల మధ్య నుంచి వాయిద్యాల కొసలు మాత్రం కనిపిస్తాయి. పత్రం చెప్పినదీ మనిషి చెప్పినదీ రెండూ ఆ పేజీలోనే ఉన్నాయి, వాటి మధ్య తగాదా కూడా పాఠకుడి కళ్ళ ముందే ఉంది. మీ ప్రశ్నకు నాకు తెలిసిన మంచి జవాబు ఇదే. కల్పించడం తప్పకపోవచ్చు, దాన్ని దాచిపెట్టడం మాత్రం తప్పించుకోవచ్చు.

ఇక పిల్లల విషయం. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో షార్లోట్ షాలియే నేతృత్వంలో నడిచిన ఒక ప్రాజెక్టులో, పసితనంలో హోలోకాస్ట్‌ను దాటి బతికిన నలుగురిని ముగ్గురు చిత్రకారులతో కలిపారు. దాని ఫలితంగా వచ్చిన సంకలనాన్ని టొరంటో విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ 2022లో వెలువరించింది. రుమేనియా నుంచి, యుద్ధకాలంలో దాని ఆక్రమణలో ఉన్న ట్రాన్స్‌నిస్ట్రియా ప్రాంతానికి తరిమివేతకు గురైన డేవిడ్ షాఫర్ కథను మిరియమ్ లిబికి గీశారు. నెదర్లాండ్స్‌లో పదమూడు చోట్ల దాక్కుని బతికిన నీకో, రోల్ఫ్ కాంప్ అన్నదమ్ముల కథను గిలాద్ సెలిక్తార్ గీశారు. 1937లో హేగ్‌లో పుట్టి, రావెన్స్‌బ్రూక్, బెర్గెన్-బెల్సెన్ శిబిరాలను దాటివచ్చిన ఎమీ ఆర్బెల్ కథను బార్బరా యెలీన్ గీశారు.

ఇందులో నన్ను ఆకట్టుకున్నది పని జరిగిన పద్ధతి. ఎక్కడో దాచిన సాక్ష్యాన్ని తీసుకుని చిత్రకారుడు తన గదిలో ఒంటరిగా గీసుకున్న పుస్తకం కాదది. చెప్పేవారూ గీసేవారూ ఎదురెదురుగా కూర్చుని, మాట్లాడి, చిత్తు బొమ్మలు చూసి, మళ్ళీ మాట్లాడుకుని చేసినది. చిత్తు బొమ్మ చూపించడం ప్రశ్న అడగడం కంటే బలమైన పని. "ఆ గది ఎలా ఉండేది?" అని అడిగితే "గుర్తులేదు" అన్న జవాబే వస్తుంది. అదే గదిని తప్పుగా గీసి చూపిస్తే, "అబ్బే, కిటికీ అంత కింద ఉండేది కాదు, నాకు అందేది కాదు" అని లోపలి నుంచి ఒక మాట బయటికి రావచ్చు. రాకపోవచ్చు కూడా, అప్పుడు ఆ గదిని చీకటిగా వదిలేయాలి. ఎమీ ఆర్బెల్ కథలో ఈనాటి వృద్ధురాలు సిగరెట్టు కాలుస్తూ మాట్లాడుతూ ఉండగానే ఆనాటి పసిపిల్ల పక్కకు వచ్చి నిలబడుతుంది. ఒక జ్ఞాపకం ఎక్కడ తెగిపోయిందో అక్కడ బొమ్మ కూడా నల్లబడుతుంది. పిల్లల జ్ఞాపకం వరసగా ఉండదు. చిత్రకథ కూడా గడికీ గడికీ మధ్య ఖాళీతోనే నడిచే ప్రక్రియ కాబట్టి, ఈ రెండింటికీ పొత్తు కుదిరిందని నా అభిప్రాయం.

సమాధానం – పాత కాగితాలు

పైవారు చెప్పినదానితో పేచీ లేదు కానీ, "పిల్లల జ్ఞాపకం ముక్కలుగా ఉంటుంది" అన్న మాటను అందరికీ ఒకే కొలతగా వాడవద్దని మనవి. అయిదేళ్ళ పిల్లా పదిహేనేళ్ళ కుర్రవాడూ ఒకటి కాదు. ఇంకో సంగతి కూడా మరచిపోతున్నాం. ఈ పిల్లల్లో కొందరు తమ బొమ్మలు తామే, అప్పుడే గీశారు.

1929లో పుట్టిన థామస్ గీవ్ అనే కుర్రవాడు 1945లో బుఖెన్‌వాల్డ్ నాజీ శిబిరం విముక్తి అయ్యాక, నడవడానికి కూడా ఓపిక లేని స్థితిలో, దొరికిన పెన్సిలు ముక్కలతో చిన్న చిన్న కాగితాల మీద 79 బొమ్మలు గీశాడు. ఇంగ్లండులో ఉన్న తండ్రికి తాను ఏం చూశాడో చూపించాలన్నది అతని ఉద్దేశం. వాటిలో కన్నీళ్ళు కారే ముఖాలు వెతికితే నిరాశే ఎదురవుతుంది. శిబిరం నక్షా, ఖైదీల గుర్తులు, రోజు తిండి లెక్క, పని ముట్లు ఉంటాయి. అంతా పాఠ్యపుస్తకంలో పటాల్లా, ఒక క్రమంలో, పేర్లు రాసి ఉంటుంది. ఆ క్రమమే చూసేవారిని కలవరపెడుతుంది. అతని వయసే ఉన్న యెహూదా బేకన్ 1945లో, శిబిరంలో శవాలను కాల్చే కొలిమి పొగలోంచి తన తండ్రి ముఖం రూపుదిద్దుకుంటున్నట్టు గీసి, ఆయన చనిపోయిన తేదీనీ సమయాన్నీ మూలన రాశాడు. 1961లో, యూదుల తరలింపులను నడిపిన నాజీ అధికారి ఐక్‌మన్ విచారణలో అతను సాక్ష్యం చెప్పాడు, అతని బొమ్మలనూ అక్కడ వాడారు.

మరొకరు హెల్గా వైసోవా. 1941 డిసెంబరులో ప్రాగ్ నుంచి, నాజీలు యూదులను నిర్బంధించిన టెరెజీన్ గెట్టోకు తీసుకుపోయినప్పుడు ఆ పిల్లకు పన్నెండేళ్ళు. అక్కడికి వెళ్ళాక ఒక మంచు బొమ్మను గీసి, మగవాళ్ళ బ్యారక్‌లో ఉన్న తండ్రికి దొంగచాటుగా పంపింది. "నువ్వు చూస్తున్నది గీయి" అని ఆయన జవాబు పంపాడు. ఆ తరవాత ఆమె గీసినవి బారులు తీరిన మనుషులు, మూడంతస్తుల పడకలు, చెత్తకుప్పలో ఆహారం వెతికే ముసలివాళ్ళు. అదే టెరెజీన్‌లో ఫ్రీడల్ డికర్-బ్రాందైస్ అనే చిత్రకారిణి పిల్లలకు బొమ్మలు నేర్పుతూ, వాళ్ళు గీసినవాటిని రెండు పెట్టెల్లో సర్ది దాచారు. 1944 అక్టోబరులో ఆమెను ఆష్‌విట్జ్‌లో చంపారు. ఆ బొమ్మలు గీసిన పిల్లల్లో ఎక్కువమందిని కూడా బతకనివ్వలేదు. నాలుగు వేలకు పైబడిన ఆ బొమ్మలు ఇప్పుడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. తమాషా ఏమిటంటే, హెల్గా తండ్రి చెప్పినట్టు చూస్తున్నది గీయమని ఫ్రీడల్ పిల్లలను బలవంతపెట్టలేదు. వాటిలో చాలా భాగం పూలు, ఇళ్ళు, సీతాకోకచిలుకలు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆధారాల కోసం మీరు తప్పకుండా పాత ఫోటోల దగ్గరికి వెళతారు. అక్కడొక ఉచ్చు ఉంది. మనకు బాగా తెలిసిన ఫోటోల్లో చాలా వాటిని తీసింది హంతకుల కెమెరాయే. 1944 వేసవిలో హంగరీ యూదులు ఆష్‌విట్జ్‌లో భాగమైన బిర్కెనావ్‌లో దిగుతుండగా తీసిన దాదాపు 200 ఫోటోల ఆల్బం, శిబిరాలను నడిపిన నాజీ దళం ఎస్.ఎస్. మనుషులది. వార్సా గెట్టోలో చేతులెత్తిన పిల్లవాడి ప్రసిద్ధమైన ఫోటో 1943లో తన అధికారుల మెప్పు కోసం ఒక ఎస్.ఎస్. జనరల్ తయారు చేయించిన నివేదికలోది. ఆ ఫోటోను చూసి గీస్తే, మీకు తెలియకుండానే తుపాకీ పట్టినవాడి పక్కన నిలబడి గీస్తున్నట్టే. కోటు కుట్టు, టోపీ ఆకారం అక్కడి నుంచి తీసుకోండి. చూపు ఎక్కడి నుంచి అన్నది మాత్రం ఆ పిల్ల ఎత్తు నుంచి తీసుకోండి. అయిదేళ్ళ పిల్ల కంటికి ఎదురుగా ఉండేది తలుపు గొళ్ళెం, కోటు జేబు, పెద్దవాళ్ళ చేతులు.

సమాధానం – సందేహి

అందరూ ముక్కల జ్ఞాపకాన్ని మెచ్చుకుంటున్నారు కాబట్టి చేదు మాట నేను చెబుతాను. 1995లో బిన్యామిన్ విల్కోమిర్‌స్కీ పేరుతో జర్మన్ భాషలో ఒక జ్ఞాపకాల పుస్తకం వచ్చింది. రీగాలో పుట్టి, మైదానెక్, ఆష్‌విట్జ్ శిబిరాల్లో పసివాడిగా గడిపానని చెప్పిన ఆ రచన అచ్చంగా మీరు వర్ణిస్తున్న పద్ధతిలోనే సాగుతుంది. వరస లేని దృశ్యాలు, పేరు లేని మనుషులు, తెగిపోయిన వాక్యాలు ఉంటాయి. పెద్ద పెద్ద బహుమతులిచ్చి నెత్తిన పెట్టుకున్నారు. 1998లో డేనియల్ గాంట్స్‌ఫ్రీడ్ అనే స్విస్ పాత్రికేయుడు తవ్వి తీస్తే, ఆ రచయిత స్విట్జర్లాండ్‌లోనే పుట్టి అక్కడే దత్తుడిగా పెరిగిన మనిషని తేలింది. 1999లో ప్రచురణకర్తలు పుస్తకాన్ని ఉపసంహరించుకున్నారు.

పసివాడి జ్ఞాపకానికి తేదీలుండవు, ఊళ్ళపేర్లుండవు, అందువల్ల దాన్ని పరీక్షించలేమని మనం ముందే ఒప్పేసుకున్నాం. అబద్ధం ఆ సందులోంచే వచ్చింది. చిత్రకథలో ఈ ప్రమాదం రెట్టింపవుతుంది. మసకబారిన నీటిరంగులు, సగం గీసి వదిలేసిన ముఖాలు, నల్లని పేజీలు అన్నవి ఇప్పుడు ఒక ఫ్యాషన్ అయ్యాయి. "ఇది నిజమైన జ్ఞాపకం" అని పాఠకుడికి సైగ చేసే ముద్రలు అవి, ఎవరైనా వేసుకోవచ్చు. గీతకారిణి గారు ఒక ముఖాన్ని ఖాళీగా వదిలేస్తే అది నిజాయితీయో అలంకారమో నాకెలా తెలుస్తుంది?

సమాధానం – అనువాదకుడు

సందేహి గారి ప్రశ్న న్యాయమైనదే. జవాబు ఆ గడిలో దొరకదు, గడికి బయట దొరుకుతుంది. నేను పైన చెప్పిన సంకలనంలో ముగ్గురు చిత్రకారుల కథల తరవాత, బతికి బయటపడినవారు స్వయంగా రాసిన మాటలూ, చరిత్రకారుల వ్యాసాలూ చేర్చారు. రవాణా జాబితా, శిబిరం, తేదీ వంటి పరీక్షించదగినవి అక్కడ పరీక్షకు నిలుస్తాయి. విల్కోమిర్‌స్కీ ఉదంతం తేల్చినది పసివాళ్ళ జ్ఞాపకాన్ని నమ్మకూడదని కాదు. దత్తత పత్రాలు చూసిన రోజునే ఆ కట్టుకథ కూలిపోయింది. అంటే పత్రాలు చూడవలసినవాళ్ళు చూడలేదని అర్థం.

ఖాళీని అలంకారంగా వాడుతున్నారన్న ఆరోపణకు మాత్రం తలవంచుతాను. అలాంటివి నేనూ చదివాను.

సమాధానం – మనసు చదువరి

నేను బొమ్మల మనిషిని కాను, బాధితులతో మాట్లాడే పద్ధతుల గురించి చదువుకున్నాను. ఒక్క విషయం చేరుస్తాను. "నువ్వప్పుడు చిన్నపిల్లవు, నీకేం గుర్తుంటుంది, మరచిపో" అన్న మాటను ఈ పిల్లలు యుద్ధం తరవాత ఇళ్ళలో, బడుల్లో, తమలాగే బతికి బయటపడిన పెద్దవాళ్ళ నోటి నుంచి కూడా దశాబ్దాల పాటు విన్నారు. పోలండ్‌లో యూదు చారిత్రక కమిషన్ 1945లోనే పిల్లల కోసం ప్రత్యేకంగా ప్రశ్నావళి తయారుచేసి వాళ్ళ వాంగ్మూలాలు సేకరించిన మాట నిజమే కానీ, అది అరుదైన పని. దాక్కుని బతికిన పిల్లలు తమను కూడా "బతికి బయటపడినవారు" అని పిలుచుకోవచ్చని నమ్మడానికి చాలా కాలం పట్టింది. వాళ్ళ మొదటి అంతర్జాతీయ సమావేశం న్యూయార్క్‌లో జరిగినది 1991లో. అప్పటికి వాళ్ళలో చాలామంది యాభైలలో ఉన్నారు.

హోలోకాస్ట్‌లో చంపబడిన యూదు పిల్లల సంఖ్య దాదాపు 15 లక్షలు. బతికినవారు తమ నోటితో మాట్లాడేటప్పుడు ఆ లెక్క వాళ్ళ భుజాల మీద ఉంటుంది. అందువల్ల "గుర్తులేదు" అని చెప్పడం వాళ్ళకు తేలిక కాదు, చనిపోయినవారికి ద్రోహం చేసినట్టు అనిపించవచ్చు. ఆ స్థితిలో మీరు ఒక అందమైన, నిండైన బొమ్మ గీసి చూపిస్తే "అవును, ఇలాగే ఉంది" అని ఒప్పుకునే ప్రమాదం ఉంది. తప్పుగా గీసి చూపిస్తే జ్ఞాపకం బయటపడవచ్చని అనువాదకుడు గారు అన్నారు. బయటపడవచ్చు, లేక మీ బొమ్మే జ్ఞాపకమై కూర్చోవచ్చు. చెప్పేవారూ గీసేవారూ నెలల తరబడి, ఒకరి మాట ఒకరు కాదనగలిగేంత చనువు వచ్చేదాకా కలిసి పనిచేయడం ఇందుకే అవసరం. ఏ గడినైనా తీసేయమని చెప్పే హక్కు చెప్పినవారికి చివరిదాకా ఉండాలి.

ప్రశ్న వేసినవారు – గీతకారిణి

అందరికీ కృతజ్ఞతలు. నాది రికార్డింగు మాత్రమే కాబట్టి నాకు "కాదు" అని చెప్పేవారు ఎదురుగా లేరని ఇప్పుడు అర్థమైంది. ఆ నాలుగు పేజీలను అభ్యాసంగానే ఉంచుకుంటాను, ఇక ఎక్కడా పెట్టను.

ఒకటి మాత్రం తేలడం లేదు. ఆ తల్లి ముఖం సంగతి. అసలు తనకు గుర్తే లేని వయసు కథను ఎవరైనా గీశారా? గీస్తే ఏ ధైర్యంతో గీశారు?

సమాధానం – అనువాదకుడు

గీశారు. మిరియమ్ కటిన్ 1942లో హంగరీలో పుట్టారు. 1944లో తల్లి తామిద్దరూ చనిపోయినట్టు నమ్మించి, పల్లెల్లోకి పారిపోయి, పెళ్ళికాని పనిమనిషిలా నటిస్తూ ఆ పసిపిల్లను కాపాడింది. కటిన్‌కు అప్పటికి రెండేళ్ళు. ఆ కథంతా తల్లి నోట విన్నదే. 2006లో, అరవై దాటాక, దాన్ని పుస్తకంగా గీసినప్పుడు యుద్ధకాలాన్నంతా పెన్సిలుతో నలుపు తెలుపులో ఉంచి, తరవాతి జీవితానికి రంగులు వాడారు. పెన్సిలు గీత గరుకుగా, తొందరగా, ఎప్పుడైనా చెరిపేయవచ్చన్నట్టు ఉంటుంది. అది తన జ్ఞాపకం కాదని ఆవిడ ఎక్కడా దాచలేదు. తల్లి ముఖం గీయడానికి ఆవిడకు ధైర్యం అక్కర్లేదు, ఆ తల్లి ఆ తరవాత కూడా ఆవిడతోనే ఉంది. మీరు విన్నావిడకు ఆ అదృష్టం లేనట్టుంది. అదే తేడా.

సమాధానం – పాత కాగితాలు

ఒక చిన్న విషయం. మీరు ఇక్కడే మరో చర్చలో పెట్టిన చిత్తు పేజీలో ఆ పిల్ల కోటు మీద పసుపు నక్షత్రం చూశాను. నెదర్లాండ్స్‌లో 1942 మే 3 నుంచి యూదులు మధ్యలో "యోడ్" (డచ్చి భాషలో యూదు) అని రాసి ఉన్న నక్షత్రాన్ని బట్టల మీద కుట్టుకోవాలని ఆజ్ఞ వచ్చింది. అది ఆరేళ్ళు నిండినవారికి మాత్రమే. అయిదేళ్ళ పిల్ల కోటు మీద అది ఉండవలసిన పని లేదు. తల్లి కోటు మీద ఉండాలి. జ్ఞాపకానికి సంబంధించినవాటిని ఖాళీగా వదలండి కానీ, ఇటువంటివాటిని వదలకండి. బొత్తాం గురించి మీరు పడిన భయం ఇక్కడ అక్కరకు వస్తుంది.

ప్రశ్న వేసినవారు – గీతకారిణి

ఇప్పుడే ఆ పేజీ మళ్ళీ తీశాను. పిల్ల కోటు మీద నక్షత్రాన్ని చెరిపేశాను. చెరిపాక గమనించాను, ఆ పిల్ల ఎత్తు నుంచి చూస్తే తల్లి కోటు మీద ఉన్న నక్షత్రం సరిగ్గా గడి పై అంచు దగ్గరికి వస్తుంది. కింద రెండు కొసలు కనిపిస్తాయి, దాని పైన కాగితం అయిపోతుంది. ముఖం గీయవలసిన అవసరం రాలేదు. చెయ్యి ఉంచాను.